గుర్రాల రంగులు కూడా రాసుకున్న సిపాయి

పోయిన ఏడాది మా ప్రాజెక్ట్ గో-లైవ్ అయిన మర్నాడు పొద్దున్నే అందరికీ ఒక మెయిల్ వచ్చింది. పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి డేటా మొత్తం ఒక్క రాత్రిలో మార్చేశామని, ఇదంతా ఫలానా మేనేజర్ గారి ముందుచూపు వల్లే సాధ్యమైందని అందులో ఉంది. ఆ ఒక్క రాత్రి వెనక ఏడు నెలలున్నాయి. చివరి మూడు వారాలు మేం ఆరుగురం ఇంటికెళ్లింది స్నానానికీ, బట్టలు మార్చుకోడానికే. కంగ్రాట్స్ మెయిల్స్ వరసగా పడుతుంటే నేను క్యాంటీన్లో కూర్చుని ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి రాయడం మొదలుపెట్టా. ఏ రోజు ఎవరేం చేశారు, ఏ స్క్రిప్ట్ ఎవరిది, మూడోసారి డేటా లోడ్ ఫెయిలైన రాత్రి ఎవరు పట్టుకున్నారు... అన్నీ తేదీలతో సహా. ఎవరికి పంపాలో తెలీదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు, అంతే.

ఆ ఆదివారమే అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టలో ఒక పెంగ్విన్ పుస్తకం దొరికింది. రాసినవాడు బెర్నాల్ డియాస్ అనే స్పెయిన్ సిపాయి. 1519లో హెర్నాన్ కోర్టెస్ అనే కెప్టెన్ వెంట మెక్సికో మీదికి దండెత్తి వెళ్లిన కొన్ని వందల మందిలో ఒకడు. నాలుగు పేజీలు తిప్పేసరికి నాకు విషయం అర్థమైపోయింది. ఈయనకి కూడా అలాంటి మెయిలే వచ్చింది! బేరమాడకుండా కొనేశా.

బెర్నాల్‌కి వచ్చిన 'మెయిల్' 1552లో అచ్చయిన ఒక పుస్తకం. గోమారా అనే మతగురువు, కోర్టెస్ ఇంట్లోనే ఉండి ఆయన కొలువులో పనిచేసినవాడు, మెక్సికో జయించిన కథ రాశాడు. చక్కటి శైలి, మంచి భాష. కానీ గోమారా ఒక్కసారి కూడా సముద్రం దాటి అమెరికా గడ్డ మీద అడుగుపెట్టలేదు. ఆ పుస్తకంలో కోర్టెస్ ఆలోచిస్తాడు, కోర్టెస్ ఎదురు తిరుగుతాడు, కోర్టెస్ గెలుస్తాడు. సైన్యం అనేది వెనకాల సీనరీ లాగా ఉంటుంది.

అప్పటికి బెర్నాల్ గ్వాటెమాలాలో స్థిరపడి తన జ్ఞాపకాలు రాసుకుంటున్నాడు. గోమారా పుస్తకం చేతికొచ్చాక ఆయన చేసిన మొదటి పని ఏంటో తెలుసా? కలం పక్కన పెట్టేయడం. అంత చదువుకున్నవాడి భాష ముందు నా మోటు రాత ఏపాటిదని సిగ్గుపడ్డానని తనే చెప్పుకున్నాడు. తర్వాత ఇంకోసారి చదివితే లెక్కలు తప్పు, పేర్లు తప్పు, జరగని యుద్ధాలు, చచ్చినవాళ్ల సంఖ్య ఇష్టమొచ్చినట్టు. దాంతో మళ్లీ కలం పట్టాడు. పుస్తకానికి పెట్టుకున్న పేరులోనే 'నిజమైన చరిత్ర' అని ఉంది. ఎవరిది అబద్ధమో వేరే చెప్పాలా?

1568 నాటికి ఒక ప్రతి పూర్తి చేశాడు. కోర్టెస్‌తో క్యూబా నుంచి బయలుదేరినవాళ్లలో అప్పటికి బతికున్నది మేం ఐదుగురమే అంటాడు. తన వయసు 84 దాటిందనీ, చూపూ వినికిడీ పోయాయనీ అంటాడు. పుట్టిన సంవత్సరం లెక్కేస్తే వయసు కొంచెం పెంచి చెప్పినట్టుందని చరిత్రకారుల అనుమానం. 1575లో ఆ ప్రతిని స్పెయిన్‌కి పంపాడు. 1584లో చనిపోయాడు. పుస్తకం మాడ్రిడ్‌లో అచ్చయింది 1632లో. అంటే తన పేరు అచ్చులో చూసుకోకుండానే పోయాడు. పైగా అచ్చువేయించిన సన్యాసి తన మఠానికి చెందిన ఒక ఫాదర్ గొప్పతనం పెంచుతూ మధ్యలో చేతులు పెట్టాడు. క్రెడిట్ కోసం రాసిన పుస్తకంలో కూడా ఇంకొకడు దూరి క్రెడిట్ కొట్టేశాడన్నమాట!

ఇంక పుస్తకం విషయానికొస్తే, నన్ను కట్టిపడేసింది యుద్ధాలు కాదు. ఆయన జ్ఞాపకం. 119 యుద్ధాల్లో ఉన్నానని చెప్పుకున్న మనిషి, ఓడల్లో ఎక్కించిన గుర్రాలు 16 అని చెప్పి వదిలెయ్యడు. ఒక్కొక్క గుర్రం గురించీ రాస్తాడు. కోర్టెస్‌ది ముదురు ఎరుపు మగగుర్రం, ఒడ్డు చేరాక చచ్చిపోయింది. అల్వరాడో అనే కెప్టెన్‌కీ, ఇంకొకడికీ కలిపి ఒక ఆడగుర్రం, పరుగుకైనా ఆటకైనా భలే జంతువు. తర్వాత రెండోవాడి వాటా అల్వరాడో కొనుక్కున్నాడో, బలవంతంగా లాక్కున్నాడో అంటూ ఒక చురక. సంగీతం వాయించే ఓర్తిస్‌కీ, బంగారు గనులున్న ఇంకొకడికీ ఉమ్మడిగా ఒక నల్లటి గుర్రం, అది చాలా మంచిది. సెదేన్యో అనే ధనవంతుడి ఆడగుర్రం ఓడలోనే ఈనింది. యాభై ఏళ్ల తర్వాత గ్వాటెమాలాలో కూర్చుని ఇదంతా గుర్తుచేసుకుంటున్నాడు. నాకు నిన్నటి స్టాండప్ మీటింగ్‌లో ఎవరేం చెప్పారో గుర్తుండదు.

1519 నవంబర్ 8న వాళ్లు అజ్టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్‌లో అడుగుపెట్టారు. ఇప్పటి మెక్సికో సిటీ ఉన్నది దాని మీదే. అప్పట్లో అది సరస్సు మధ్యలో ఉన్న నగరం. నీళ్ల మీద కట్టిన వెడల్పాటి గట్టు రోడ్లు, నీళ్లలోంచి లేచిన గోపురాలు. అవి చూసి మా వాళ్లలో కొందరు ఇది కలా అని అడిగారని రాస్తాడు. సిపాయిలు చదువుకున్న వీరగాథల్లో తప్ప అలాంటిది ఎక్కడా లేదట. త్లతెలోల్కో సంత గురించి రాసింది చదువుతుంటే మోండా మార్కెట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఏ సరుకుకి ఆ వరస. ఆ సంత గోల మూడు నాలుగు మైళ్ల దూరానికి వినపడుతుందట. రోమ్, కాన్‌స్టాంటినోపుల్ చూసొచ్చిన సిపాయిలు కూడా ఇంత పద్ధతైన సంత ఎక్కడా చూడలేదన్నారని అంటాడు. ఇంకో చోట, అప్పుడు చూసినవన్నీ ఇప్పుడు నేలమట్టమైపోయాయి, ఏమీ మిగల్లేదు అని ఒక వాక్యం వేస్తాడు. ఎవరు కూల్చారో ఆ వాక్యంలో ఉండదు.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. చొలూలా అనే ఊళ్లో తమని చంపి వండుకోడానికి ఉప్పు, మిరపకాయలు, టమాటాలతో కుండలు సిద్ధంగా పెట్టారని బెర్నాల్ రాస్తాడు. నేను చదువుతూ ఆగిపోయింది మిరపకాయల దగ్గర. అవి ఆ ఖండం నుంచే పోర్చుగీసుల ఓడల్లో మన దేశానికి వచ్చాయి. గుంటూరు కారం ముత్తాతలు ఆ కుండల పక్కన ఉన్నాయి చూశారా అనుకున్నా. కానీ ఆ కుండల కథ ఎందుకు చెప్తున్నాడో తర్వాతి పేజీలో తెలుస్తుంది. ఆ ఊళ్లో కోర్టెస్ సైన్యం గుడి ఆవరణలోకి జనాన్ని పిలిపించి ఊచకోత కోసింది. ఊరికే, ఏ కారణం లేకుండా చంపారని లాస్ కాసాస్ అనే బిషప్ రాశాడు. బెర్నాల్‌కి ఆ మాట మీద మంట. మేం ముందు చంపకపోతే వాళ్లు మమ్మల్ని చంపేవాళ్లని వాదిస్తాడు. కుండలు ఆ వాదనలో సాక్ష్యం.

అయితే ఈయన్ని ఒట్టి గొప్పలరాయుడు అనుకోకండి. 1520 జూన్ 30 రాత్రి అజ్టెక్‌లు తిరగబడితే స్పెయిన్ సైన్యం చీకట్లో నగరం నుంచి పారిపోయింది. బంగారం మూటలు కట్టుకున్నవాళ్లు ఆ బరువుతో కాలవల్లో మునిగిపోయారు. బెర్నాల్ నాలుగు పచ్చరాళ్లు మాత్రం బట్టల్లో దోపుకున్నాడట. బయటపడ్డాక గాయాల మందుకీ, తిండికీ అవే ఉపయోగపడ్డాయి. మరుసటి ఏడాది ముట్టడిలో, ఒకే రోజు తన తోటివాళ్లని అరవై మందికి పైగా ప్రాణాలతో పట్టుకుని, గుడి మీదికి ఎక్కించి బలివ్వడం దూరం నుంచి కళ్లారా చూశాడు. పెద్ద డోలు మోగుతూ ఉంటుంది. ఆ తర్వాత ప్రతి యుద్ధం ముందూ గుండెల్లో ఏదో దిగులు పట్టుకునేదనీ, ఒకటి రెండుసార్లు మూత్రానికి వెళ్లొచ్చేవాణ్ననీ, కత్తి దూశాక ఆ భయం పోయేదనీ రాశాడు. 119 యుద్ధాల వీరుడు ఈ మాట రాసుకోవక్కర్లేదు. ఇంకో చోట, ముసలితనంలో కూడా మంచం మీద పడుకోలేననీ, బట్టలతోనే పడుకుంటాననీ, రాత్రుళ్లు లేచి బయటికెళ్లి కాసేపు ఆకాశం, చుక్కలు చూస్తేగానీ ఉండలేననీ అంటాడు. అలవాటైపోయింది అని తేల్చేస్తాడు. ఇప్పుడైతే మనం దానికి వేరే పేరు పెడతాం.

1521 ఆగస్టు 13న నగరం పడిపోయింది. తర్వాత బంగారం పంపకం. రాజు వాటా, కోర్టెస్ వాటా, ఆ ఖర్చు, ఈ ఖర్చు పోగా కాలిబంట్లకు మిగిలింది తలకి 50 పెసోలో 60 పెసోలో, సరిగ్గా గుర్తులేదంటాడు. గుర్రాల రంగులు గుర్తున్నవాడికి జీతం గుర్తులేదా అని నాకు నవ్వొచ్చింది. ఒక విల్లు కొనాలంటేనే 50, 60 పెసోలు. గుర్రమైతే 800 పైమాటే. సిపాయిలు మండిపోయారు. కొయొవకాన్‌లో కోర్టెస్ ఉంటున్న భవనానికి తెల్లసున్నం కొట్టిన గోడలు. ప్రతి రాత్రీ ఎవరో బొగ్గుతో కోర్టెస్ మీద వెటకారం పద్యాలు రాసిపోయేవారు. పొద్దున లేచి కోర్టెస్ కూడా వాటి కిందే పద్యంలో జవాబు రాసేవాడు! కామెంట్లు ముదిరేసరికి, ఇక రాస్తే తాట తీస్తానని హెచ్చరించి ఆపించాడు. మా ఆఫీస్ లిఫ్ట్ పక్కన వైట్‌బోర్డ్‌కి కూడా ఇదే గతి పట్టింది లెండి.

ఇక్కడిదాకా నేను పూర్తిగా బెర్నాల్ పార్టీ. పెంగ్విన్‌లో చాలా భాగం కత్తిరించేశారని తెలిసి, మాడ్‌స్లే వందేళ్ల కిందట చేసిన పూర్తి అనువాదం ఆన్‌లైన్‌లో వెతికి దించుకున్నా. మెట్రోలో వెళ్తూ వస్తూ చదివా. చదువుతుంటే ఒక మాట మాటిమాటికీ తగలడం మొదలైంది. 'మేము'.

కోర్టెస్ కాదు, మేము. ఓడల్ని పనికిరాకుండా చేద్దామన్నది మేము. రాజుని బందీ చేద్దామని సలహా ఇచ్చింది మేము. గోమారా రాసిన 'ఆయన' మీద బెర్నాల్ వేసిన దెబ్బ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. స్పానిష్‌లో, ఇంగ్లిష్‌లో దానికి ఒకటే మాట. మనకి రెండున్నాయి. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. ఈ పుస్తకం తెలుగులో చేస్తే ఎక్కడా 'మనం' పడదేమో అని ఊరికే ఆలోచిస్తూ, ఆ 'మేము'లో అసలు ఎవరెవరున్నారని లెక్కపెట్టడం మొదలుపెట్టా. డెవలపర్ బుద్ధి.

తెనోచ్‌తిత్లాన్‌ని ముట్టడించిన స్పెయిన్‌వాళ్లు వెయ్యి మంది లోపు. వాళ్లతో కలిసి పోరాడిన అక్కడి జనం వేలకి వేలు. అందరికంటే ముందు త్లస్కాలా వాళ్లు. అజ్టెక్‌లతో పాత పగ ఉన్న రాజ్యం అది. 1519 సెప్టెంబర్‌లో మొదట స్పెయిన్‌వాళ్లతో గట్టిగా కొట్లాడి, తర్వాత పొత్తు పెట్టుకుంది. చిత్తుగా ఓడి పారిపోయి వచ్చినప్పుడు దెబ్బలు తిన్న సిపాయిలకు తలదాచుకోడానికి చోటిచ్చింది త్లస్కాలానే. సామాన్లు, ఫిరంగులు మోసింది వాళ్లు. సరస్సులో యుద్ధానికి విడగొట్టిన పడవల చెక్కల్ని కొండల మీదుగా భుజాల మీద మోసుకొచ్చింది వాళ్లు. బెర్నాల్ ఇవేవీ దాచలేదు, అన్నీ రాశాడు. వాళ్ల నాయకుల పేర్లు కూడా రాశాడు. సిపాయిల పేర్లు మాత్రం లేవు.

ఆ పారిపోయిన రాత్రి, తర్వాతి రోజులు కలిపి ఎంతమంది పోయారో లెక్క చెప్తాడు. స్పెయిన్‌వాళ్లు 860కి పైగా, ఇంకో ఊళ్లో పోయినవాళ్లు 72, స్పెయిన్ ఆడవాళ్లు ఐదుగురు. త్లస్కాలా వాళ్లు? వెయ్యి పైచిలుకు. పుస్తకం చివర్లో తన తోటి సిపాయిల జాబితా ఒకటి పెట్టాడు. ఎవడు పొడుగు, ఎవడు పాటగాడు, ఎవడు ఎలా చచ్చాడు. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి, అబద్ధం చెప్పను. ఆ జాబితాలో త్లస్కాలా మనిషి ఒక్కడు లేడు. గుర్రాలకైనా రంగు ఉంది.

గోమారా బెర్నాల్‌కి ఏం చేశాడో, బెర్నాల్ వాళ్లకి అదే చేశాడు. కెప్టెన్ల పేర్లు రాసి సైన్యాన్ని వదిలేశాడు.

తెపెయాకాలో పట్టుకున్న ఆడవాళ్లకి, పిల్లలకి ఇనుము కాల్చి బానిస ముద్ర వేసిన సంగతి రాస్తాడు. అక్కడ ఆయన బాధల్లా, అందంగా ఉన్నవాళ్లని కోర్టెస్ మనుషులు రాత్రికి రాత్రే పక్కకి తప్పించి, పంపకంలో మాకు అన్యాయం చేశారని. ఆ పేజీ రెండుసార్లు చదివా, తప్పుగా అర్థం చేసుకున్నానేమో అని. లేదు. పిల్లలకు ఆస్తి ఏమీ ఇవ్వలేకపోతున్నా, ఈ నిజమైన కథ తప్ప అని వాపోయిన ఈ ముసలాయనకి గ్వాటెమాలాలో ఊళ్లు రాసిచ్చారు. ఆ ఊరి జనం ఈయనకి కప్పం కట్టాలి. 1550లో స్పెయిన్‌లో ఆ పద్ధతి శాశ్వతంగా ఉండాలా వద్దా అని సభ పెడితే, ఉండాలని వాదించడానికి వెళ్లినవాళ్లలో ఈయన ఉన్నాడు. వద్దన్నవాళ్లలో ఆ లాస్ కాసాస్ ఉన్నాడు.

మరి రెండోవైపు వాళ్లు ఏమీ రాసుకోలేదా? రాశారు. త్లస్కాలా పాలకమండలి 1552 ప్రాంతంలో పెద్ద గుడ్డ మీద బొమ్మలతో తమ కథ వేయించింది. ప్రతి యుద్ధంలో స్పెయిన్‌వాళ్ల పక్కన వాళ్లే. తమాషా ఏంటంటే, మొదట స్పెయిన్‌వాళ్లతో తాము చేసిన యుద్ధం మాత్రం ఆ గుడ్డ మీద లేదు. పొత్తులో ఉన్న ఇంకో పట్టణం హువెహోత్సింగో 1560లో తమ నాహువాతల్ భాషలోనే స్పెయిన్ రాజుకి ఉత్తరం రాసింది. మీ వాళ్లకి అంత సాయం చేశాం, ఇప్పుడు మా మీదే ఇంత పన్నా అని. ఓడిపోయినవాళ్ల మాటలు కూడా ఉన్నాయి. సహగున్ అనే సన్యాసి దగ్గర చదువుకున్న స్థానిక కుర్రాళ్లు కలిసి తయారుచేసిన పెద్ద గ్రంథంలో, పండగపూట గుడిలో నాట్యం చేస్తున్నవాళ్లని అల్వరాడో మనుషులు ఎలా నరికారో ఉంది. మొదటి వేటు డోలు వాయిస్తున్నవాడి చేతుల మీద. బెర్నాల్ ఆ రోజు ఊళ్లో లేడు, కోర్టెస్‌తో పాటు వేరే చోట ఉన్నాడు. ఆ గ్రంథం బొమ్మలతో సహా ఆన్‌లైన్‌లో ఉంది. ఫ్లోరెంటైన్ కోడెక్స్ అని కొట్టండి, పన్నెండో భాగం. ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది.

అది చదివిన రాత్రి నా నోట్స్ మళ్లీ ఓపెన్ చేశా. ఆరుగురి పేర్లు, పదకొండు స్క్రీన్ల పొడుగు. మూడోసారి లోడ్ ఫెయిలైన రాత్రి దగ్గరికొచ్చా. కస్టమర్ ఖాతాలు రెండేసి పడుతున్నాయని తేలింది ఆ రాత్రే. 'టెస్టింగ్ వాళ్లు చెప్పారు, మేం ఫిక్స్ చేశాం' అని రాసుకున్నా. టెస్టింగ్ వాళ్లు అంటే ఇద్దరు. వేరే కంపెనీ ద్వారా కాంట్రాక్ట్ మీద వచ్చి, మా వరస చివర్లో ఏసీ గాలి తగలని సీట్లలో కూర్చునేవాళ్లు. మూడు వారాల రాత్రుళ్లు వాళ్లూ అక్కడే ఉన్నారు. గో-లైవ్ అయిన పది రోజులకి వాళ్ల కాంట్రాక్ట్ అయిపోయింది. ఒకమ్మాయి ఇంటిపేరు నాకు తెలీదని అప్పుడే తెలిసింది.

నంబర్ పాత గ్రూప్‌లో దొరికితే ఫోన్ చేశా. ఇప్పుడు బెంగళూరులో ఉందట. పేరు పూర్తిగా చెప్పమంటే నవ్వింది. "ఎందుకండీ, ఇప్పుడేమైనా అవార్డ్ ఇస్తున్నారా?" అంది. నోట్స్ సంగతి చెప్పా. ఆ రాత్రి నువ్వే కదా పట్టుకుంది, రాస్తున్నా అన్నా.

"ఆ రాత్రి కాదండీ," అంది. "ముందురోజు సాయంత్రమే చెప్పాను. మీ సీటు దగ్గరికొచ్చి చూపించాను కూడా. మీరే రేపు చూద్దాంలే అన్నారు."

ఆ సాయంత్రం నా నోట్స్‌లో లేదు.